ట్రైఇథైలమైన్: డ్రమ్ము మూత నుంచి ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) దాకా

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరం... ఎక్కడి బల్క్ డ్రగ్ ప్లాంటు బ్యాచ్ రికార్డులు తిరగేసినా ఏదో ఒక స్టేజిలో ట్రైఇథైలమైన్ తగులుతుంది. ప్లాంటు భాషలో టీఈఏ. చివరి మందులో దీనికి చోటు లేదు. రియాక్షన్‌లో పుట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఉప్పుగా మారి తప్పుకోవడమే దీని పని. అందుకే కాబోలు, టోలీన్‌నో ఇథైల్ అసిటేట్‌నో చూసినట్టు దీన్నీ మరో సాల్వెంట్‌లా చూస్తారు. ఆ చూపుతోనే చిక్కులు మొదలవుతాయి. ఇది క్షారం, మండే ద్రవం, చల్లగా ఉన్నప్పుడు ఒకలా వేడెక్కాక మరోలా నడుచుకునే పదార్థం. ఈ మూడూ గుర్తుంటే మిగతా జాగ్రత్తలు వాటంతటవే తడతాయి.

మొదట స్టోర్స్‌లో ఒక మాట. టీఈఏ అన్న పొట్టి పేరు ట్రైఇథనాలమైన్‌కీ ఉంది. అది సౌందర్య సాధనాల్లో, సిమెంట్ గ్రైండింగ్ ఎయిడ్స్‌లో వాడే చిక్కటి జిగట ద్రవం, 335 డిగ్రీల దగ్గర గానీ మరగదు. మన ట్రైఇథైలమైన్ నీళ్లకన్నా పలుచన, 89 డిగ్రీలకే మరుగుతుంది. ఇండెంట్‌లోనూ లేబుల్ మీదా పూర్తి పేరుతో పాటు క్యాస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్య) ఉండాలి: ట్రైఇథైలమైన్‌కి 121-44-8, ట్రైఇథనాలమైన్‌కి 102-71-6.

అంకెలు ఇవి. అణుభారం 101.2. సాంద్రత 0.726 చుట్టూ, అంటే 200 లీటర్ల డ్రమ్ములో పట్టేది 145 కిలోల లోపే. లీటర్లకు కొలత పెట్టుకుని కిలోల్లో రాసేస్తే చార్జ్ నాలుగో వంతుకు పైగా తేడా కొడుతుంది. కాబట్టి తూకం వేసే చార్జ్ చేయాలి. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) సున్నాకు పది డిగ్రీలకు పైగా కిందే ఉంటుంది. ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. గాలిలో సుమారు 1.2 నుంచి 8 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది.

ఈ చివరి అంకెను ఆవిరి పీడనం పక్కన పెట్టి చూడండి. 20 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం సుమారు 54 మిల్లీమీటర్ల పాదరసం (వాతావరణ పీడనం 760). అంటే మూసిన డ్రమ్ము పైభాగంలో దాదాపు 7 శాతం ఆవిరి. డిసెంబరు తెల్లవారుజామున సంగారెడ్డి వైపు గోడౌన్‌లో ఉన్న డ్రమ్ములో, లోపలి గాలే మండే హద్దులో ఉందన్నమాట. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకు అది రెండున్నర రెట్లవుతుంది. అప్పుడు లోపల ఆవిరి మరీ చిక్కనైపోయి అంటుకోదు గానీ, మూత తీయగానే బయటికి పొర్లి నేలంటి పాకే ఆవిరి మాత్రం అంటుకుంటుంది. వేసవిలోనే జాగ్రత్త అనుకుంటారు చాలామంది. డ్రమ్ము లోపలి ప్రమాదం నిజానికి చలికాలానిది.

ఎండాకాలం డ్రమ్ములు ఉబ్బుతాయి. ముందు ముప్పావు అంగుళం చిన్న మూతను పావు తిప్పు తిప్పి, చప్పుడు ఆగేదాకా ఆగి, తర్వాతే పెద్ద మూత జోలికి వెళ్లాలి. ఎర్తింగ్ క్లిప్ మూత తీయకముందే, పెయింట్ గీకిన చోట, లోహానికి లోహం తగిలేలా పెట్టాలి. పెయింట్ మీద పెట్టిన క్లిప్ ఫొటోకు తప్ప దేనికీ పనికిరాదు. నిప్పురవ్వలు రాని పానాలు రాగి మిశ్రమంతో చేసినవి. అమైన్లకూ రాగికీ పడదు. వాడొచ్చు, వాడాక తుడిచి పెట్టాలి, అమైన్ తడితో డ్రమ్ము మీద వదిలేయకూడదు.

డ్రమ్ము నుంచి రియాక్టర్‌కు వాక్యూమ్‌తో లాగడం మన దగ్గర పాత అలవాటు. ఇంత ఆవిరి పీడనం ఉన్న ద్రవాన్ని వాక్యూమ్‌తో లాగితే కొంత నేరుగా వాక్యూమ్ పంపులోకీ, అక్కడి నుంచి వాతావరణంలోకీ పోతుంది. అది నీళ్లతో నడిచే వాటర్ రింగ్ పంపు అయితే దాని నీళ్ల ట్యాంకు వారం రోజులు చేపల బజారులా కంపు కొడుతుంది. టెఫ్లాన్ డయాఫ్రమ్ ఉన్న గాలి పంపుతోనో, స్వల్ప నైట్రోజన్ పీడనంతోనో పంపడం మేలు. సాధారణ డ్రమ్ము మాత్రం పీడనం తట్టుకునే పాత్ర కాదు, నైట్రోజన్ నొక్కడం డే ట్యాంకుకే (ప్లాంటులో రోజువారీ వాడకానికి ఉంచే ట్యాంకు) పరిమితం. డిప్ పైపు మొన మునిగేదాకా వేగం సెకనుకు ఒక మీటరు దాటకూడదు. పైనుంచి ధారగా పోస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది.

లైన్లకు ఎంఎస్ (మామూలు ఉక్కు) గానీ ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) గానీ పనికొస్తుంది. ఇత్తడి, కంచు, రాగి, జింకు పూత, అల్యూమినియం పనికిరావు. పెద్ద వాల్వులు సరిగ్గానే పెడతారు. తప్పు దొర్లేది చిన్న భాగాల్లో: లోపల ఇత్తడి గొట్టం (బోర్డన్ ట్యూబ్) ఉన్న ప్రెజర్ గేజ్, శాంపిల్ పాయింట్‌కు పెట్టిన ఇత్తడి కాక్, గాల్వనైజ్డ్ బోల్టు. గాస్కెట్‌కు టెఫ్లాన్. ఖరీదైనది కదా అని వైటాన్ రబ్బరు పెడతారు కొందరు. చాలా సాల్వెంట్లకు ఆగే వైటాన్ అమైన్ల దగ్గర మెత్తబడి పాడవుతుంది.

ఇక రియాక్షన్. లెక్క సులువు: ఒక కిలోమోల్ ఆమ్ల క్లోరైడ్‌కు టీఈఏ 101.2 కిలోలు, 10 శాతం ఎక్కువ వేస్తే 111 కిలోలు. మామూలు పద్ధతి సబ్‌స్ట్రేటునూ (క్లోరైడ్‌తో రియాక్ట్ కావలసిన పదార్థం) టీఈఏనూ సాల్వెంట్‌లో కలిపి, 0–5 డిగ్రీలకు చల్లబరచి, ఆమ్ల క్లోరైడ్‌ను సన్నగా వదలడం. ఆ క్రమం తిప్పేసి, సబ్‌స్ట్రేటు లేకుండా ఆమ్ల క్లోరైడ్‌నూ టీఈఏనూ ముందే కలిపితే, పక్క కార్బన్ మీద హైడ్రోజన్ ఉన్న క్లోరైడ్లు కీటీన్ అనే చురుకైన పదార్థాన్ని ఇస్తాయి. రంగు మారుతుంది, తారు వస్తుంది, దిగుబడి పడిపోతుంది, తప్పు రా మెటీరియల్ మీద పడుతుంది.

పుట్టిన టీఈఏ హైడ్రోక్లోరైడ్ టోలీన్‌లో, ఇథైల్ అసిటేట్‌లో కరగదు. సగం క్లోరైడ్ పడేసరికి రియాక్టర్‌లో తెల్లటి ముద్ద. ఇక్కడే అసలు ప్రమాదం. సాల్వెంట్ తక్కువ పెట్టి బ్యాచ్ సైజు పెంచినచోట ముద్ద చిక్కబడి స్టిరర్ లోడ్ పెరుగుతుంది. మోటారు ట్రిప్ అవుతుంది, లేదా తిరుగుతున్నట్టే ఉండి గోడ పక్కన ముద్ద కదలదు. ఉష్ణోగ్రత పెరగడం లేదు కదా అని క్లోరైడ్ వదులుతూనే ఉంటారు. అది రియాక్ట్ కాకుండా పైన పేరుకుంటోంది కాబట్టే ఉష్ణోగ్రత పెరగడం లేదు. స్టిరర్ మళ్లీ ఆన్ చేయగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా కలిసి వేడి ఎగదన్నుతుంది. స్టిరర్ ఆగితే క్లోరైడ్ ఫీడ్ వాల్వు దానంతటదే మూసుకునేలా ఇంటర్‌లాక్ ఉండాలి. ఆగిన స్టిరర్‌ను, ఎంత క్లోరైడ్ లోపల పడిందో లెక్క చూసి, జాకెట్‌లో బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) నడుస్తోందని నిర్ధారించుకుని, ఒక్క క్షణం తిప్పి ఆపుతూ మొదలుపెట్టాలి. స్టిరర్ మోటారు అమ్మీటరు రీడింగును బ్యాచ్ రికార్డులో రాయించడం ఖర్చు లేని పని, చాలాచోట్ల చేయరు.

వెంట్ లైన్లకూ ఇదే ఉప్పు శత్రువు. ఒక రియాక్టర్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు, ఇంకో దాన్నుంచి టీఈఏ ఆవిరి ఒకే హెడర్‌లో కలిస్తే పైపు లోపలే తెల్లటి పొడి పేరుకుంటుంది. మొదట ఫ్లేమ్ అరెస్టర్ (మంట వెనక్కి పాకకుండా ఆపే పరికరం) జాలీ మూసుకుపోతుంది. రియాక్టర్‌లో ఒత్తిడి నిలుస్తుంది, మ్యాన్‌హోల్ గాస్కెట్ నుంచి పొగ వస్తుంది, ఫిట్టర్‌ని పిలిచి గాస్కెట్ మార్పిస్తారు. గాస్కెట్‌లో ఏ దోషమూ లేదు. ఆమ్లానికీ అమైన్‌కూ వెంట్ హెడర్లు వేరుగా వేయాలి, వాయువులను కడిగే స్క్రబ్బర్లు కూడా వేరుగా. వేయలేని పాత ప్లాంటులో అరెస్టర్ విప్పి కడగడానికి తేదీల పట్టిక పెట్టుకోవాలి. ఈ ఉప్పు మామూలు నీళ్లలోనే కరిగిపోతుంది.

అమైన్ స్క్రబ్బర్‌లో ఒట్టి నీళ్లు చాలవు. 5–10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడాలి. ఒక కిలో టీఈఏకు దాదాపు 0.48 కిలోల ఆమ్లం ఖర్చవుతుంది. పీహెచ్ 4 దాటకముందే ద్రావణం మార్చాలి.

ఒట్టి నీళ్లు ఎందుకు చాలవో చెప్పాలంటే దీని అసలు విచిత్రానికి రావాలి. మామూలుగా వేడి పెరిగితే కలవని ద్రవాలు కలుస్తాయి. ట్రైఇథైలమైన్, నీళ్ల సంగతి దీనికి తలకిందులు: సుమారు 18.7 డిగ్రీల కింద ఎంత పాళ్లలోనైనా కలిసిపోతాయి, ఆ పైన రెండు పొరలుగా విడిపోతాయి. ఈ ఒక్క సంగతి తెలియక, వాడిన టీఈఏను తిరిగి తీసే రికవరీ సెక్షన్‌లో పోయే గంటలు ఇన్నీ అన్నీ కావు.

రికవరీ ఇలా. రియాక్షన్ అయ్యాక చేసే ఆమ్ల వాష్‌లోని నీటి పొరలో టీఈఏ ఉప్పు రూపంలో ఉంటుంది. దాన్ని మూసిన రియాక్టర్‌లోకి తీసుకుని, కండెన్సర్‌లో చల్లనీళ్లు వదిలి, 48 శాతం కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) మెల్లగా కలపాలి. ఒక కిలోమోల్ ఉప్పుకు 40 కిలోల కాస్టిక్, అంటే లై 83 కిలోల పైచిలుకు. ఆమ్ల వాష్‌లో మిగులు ఆమ్లం ఉంటే దాని కాస్టిక్ అదనం. పీహెచ్ 12.5 దాటాలి. టీఈఏ పీకేఏ (సగం ఉప్పుగా, సగం విడిగా ఉండే పీహెచ్) 10.7 కాబట్టి 11 దగ్గర ఆపితే మూడో వంతు ఉప్పుగానే నీళ్లలో ఉండిపోతుంది. పీహెచ్ చూసే శాంపిల్ కింది పొరదై ఉండాలి. పై పొరలో ముంచిన స్ట్రిప్ ఎప్పుడు చూసినా నీలంగానే కనిపిస్తుంది, అది ఏమీ చెప్పదు.

ఒక కిలోమోల్‌కు 58.5 కిలోల ఉప్పు, అదే సోడియం క్లోరైడ్, పుడుతుంది. అది నీళ్లలో ఉంటే టీఈఏను బయటికి నెడుతుంది, మనకు మంచిదే. నీళ్లు మరీ తక్కువైతే మాత్రం ఉప్పు గడ్డకట్టి బాటమ్ వాల్వులో కూర్చుంటుంది. 165 కిలోల నీళ్లు కనీస హద్దు, 200 పైన పెట్టుకోవడం మేలు. మరీ పలుచన చేస్తే నెట్టే బలం తగ్గి టీఈఏ కింది పొరలో మిగులుతుంది. అంతా కలిపాక 40–45 డిగ్రీలకు తెచ్చి, స్టిరర్ ఆపి గంట వదలాలి. చలికాలం రాత్రి షిఫ్టులో, జాకెట్‌లో ఇంకా చల్లనీళ్లు తిరుగుతుండగా పొర రాలేదని మళ్లీ కాస్టిక్ పోయడం చూస్తుంటాం. కావలసింది కాస్టిక్ కాదు, కాస్త వేడి.

వేరు చేసిన పై పొరలో ఇంకా నీళ్లుంటాయి. 5 శాతం కాస్టిక్ ఫ్లేక్స్ వేసి తిప్పితే అడుగున చిక్కటి లై దిగుతుంది, దాన్ని తీసేయాలి. కాల్షియం క్లోరైడ్ వాడొద్దు, అది అమైన్లతో జట్టు కడుతుంది. తర్వాత డిస్టిలేషన్. మొదటి కట్ 75–76 డిగ్రీల దగ్గర వస్తుంది: సుమారు పదో వంతు నీళ్లున్న అజియోట్రోప్, అంటే రెండూ విడిపోకుండా కలిసే మరిగే మిశ్రమం. అది పూర్తయ్యాక ఆవిరి ఉష్ణోగ్రత 89కి ఎక్కుతుంది, అసలు సరుకు అది. అజియోట్రోప్‌ను డికాంటర్‌లో (పొరలు విడదీసే పాత్ర) విడగొట్టి పై పొరను వెనక్కి పంపాలి. చిల్డ్ బ్రైన్‌తో డిస్టిలేట్‌ను 10 డిగ్రీలకు దింపితే డికాంటర్‌లో పొరే కనిపించదు, నీళ్లన్నీ మళ్లీ రీబాయిలర్‌లోకే పోతాయి. డికాంటర్‌కు కూలింగ్ టవర్ నీళ్ల చల్లదనం చాలు; బ్రైన్‌ను వెంట్ కండెన్సర్‌కు ఉంచుకోండి.

క్వాలిటీ కంట్రోల్‌లో రెండు ఉచ్చులు. ఆమ్లంతో టైట్రేషన్ చేస్తే మొత్తం క్షారం తెలుస్తుంది గానీ ఏ అమైన్ అన్నది తెలియదు. టీఈఏలో మలినంగా ఉండే డైఇథైలమైన్ అణుభారం 73 కనుక, అది ఒక శాతం ఉంటే టైట్రేషన్‌లో 1.38 శాతం టీఈఏలా కనిపిస్తుంది. కొంచెం నీళ్లూ ఉంటే రెండూ సర్దుకుని అస్సే చక్కగా 99.6 చూపిస్తుంది. కాబట్టి జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ) తప్పదు, అదీ అమైన్లకు తగిన బేస్ డీయాక్టివేటెడ్ కాలమ్ మీద. మామూలు కాలమ్‌లో పీక్ తోక సాగి పక్క మలినాన్ని కప్పేస్తుంది. రెండోది కార్ల్ ఫిషర్, నీళ్ల శాతం చూసే టైట్రేషన్. క్షారం వల్ల ఎండ్ పాయింట్ నిలవదు, జారుతూనే ఉంటుంది. సెల్‌లో బెంజోయిక్ ఆమ్లం కలిపి చేయాలి.

డైఇథైలమైన్ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, సార్టాన్లనే బీపీ మందుల వల్ల. ఇథనాల్, అమ్మోనియాలతో చేసేటప్పుడు మోనో, డై, ట్రై మూడు ఇథైలమైన్లూ కలిసే పుడతాయి, ఆ తర్వాతే వేరు చేస్తారు. అందుకే కొంత డై ఎప్పుడూ వెంట ఉంటుంది. వాల్సార్టాన్ లాంటి మందుల్లో టెట్రాజోల్ ఉంగరం కట్టడానికి సోడియం అజైడ్‌తో టీఈఏ హైడ్రోక్లోరైడ్ వాడే పద్ధతి ఉంది. మిగిలిన అజైడ్‌ను చంపడానికి ఆమ్లంలో సోడియం నైట్రైట్ వేస్తారు. నైట్రైట్, ఆమ్లం, డైఇథైలమైన్ మూడూ ఒకచోట చేరితే పుట్టేది ఎన్-నైట్రోసోడైఇథైలమైన్, క్యాన్సర్ కారకం. 2018లో సార్టాన్ మందుల రీకాల్స్‌లో బయటపడిన రెండు నైట్రోసమైన్లలో ఇదొకటి. రోజుకు 26.5 నానోగ్రాములు హద్దు. 320 మిల్లీగ్రాముల వాల్సార్టాన్ మోతాదుకు అది 0.083 పీపీఎం. ఇంత చిన్న హద్దు ముందు రా మెటీరియల్ స్పెసిఫికేషన్‌లో పదో వంతు శాతం డైఇథైలమైన్ కూడా కొండంత. పైగా ట్రైఇథైలమైన్ తానే, నెమ్మదిగానైనా, ఒక ఇథైల్‌ను వదిలి నైట్రోసమైన్‌గా మారగలదు. అందువల్ల ఎంత శుద్ధమైన టీఈఏ కొన్నా నైట్రైట్‌నూ ప్రొడక్టునూ ఒకే పాత్రలో కలవనివ్వకపోవడమే దారి: ప్రొడక్టును వేరుచేసి, నీటి పొరను మాత్రమే విడిగా క్వెంచ్ చేయడం (అందులోని అజైడ్‌ను చంపడం). రికవర్డ్ టీఈఏను ఏ ప్రొడక్టు, ఏ స్టేజి నుంచి వస్తే ఆ స్టేజికే వాడాలి. నైట్రైట్ తగిలిన స్ట్రీమును రికవరీకి పంపనే కూడదు.

ఇంకొన్ని కలపకూడనివి. బలమైన ఆక్సీకారకాలు, నైట్రిక్ ఆమ్లం, పెరాక్సైడ్లు ఆమడ దూరంలో ఉండాలి. మాలెయిక్ అన్‌హైడ్రైడ్ దగ్గర అమైన్ చుక్క కూడా వేడిని రేపి విచ్ఛిన్నం చేయగలదు. డైక్లోరోమీథేన్‌లో కలిపి రియాక్షన్ చేయవచ్చు గానీ, కలిపిన మిశ్రమాన్ని రోజుల తరబడి నిల్వ పెట్టొద్దు. మెల్లగా క్వాటర్నరీ ఉప్పు పుడుతుంది.

మనుషుల సంగతి. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ సూచించిన హద్దు ఎనిమిది గంటల సగటుకు 0.5 పీపీఎం, పదిహేను నిమిషాలకు 1 పీపీఎం. వాసన తెలిసిందంటే హద్దు దగ్గరికో, దాటో వచ్చినట్టే లెక్క. కాసేపట్లో ముక్కు అలవాటు పడుతుంది కాబట్టి వాసన పోయిందంటే అర్థం ఏమీ లేదు. దీని ప్రత్యేక లక్షణం కంటికి. తక్కువ మోతాదు ఆవిరి కొన్ని గంటలు తగిలితే కార్నియా నీరు పట్టి, చూపు నీలిబూడిద రంగు పొగలో ఉన్నట్టవుతుంది, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. నొప్పి ఉండదు, మంట కూడా ఉండకపోవచ్చు. ఫౌండ్రీల్లో కోల్డ్ బాక్స్ పద్ధతిలో ఇసుక కోర్ల తయారీకి అమైన్ ఆవిరి వాడేచోట కూడా ఇదే కనిపిస్తుంది. తగలడం ఆగాక సాధారణంగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ షిఫ్టు దిగి రాత్రిపూట బండి మీద ఇంటికెళ్లే మనిషికి ఎదుటి లైట్లన్నీ వలయాలై కనిపిస్తే ఏమవుతుంది? పొగ కమ్మినట్టుందని ఎవరన్నా అంటే బండి తాళం తీసుకుని కంపెనీ వాహనంలో పంపాలి, ఆ రోజు ఏ లీకు ఉందో వెతకాలి.

ద్రవమే కంట్లో పడితే వేరే సంగతి, అది కాలిన గాయం. కనురెప్పలు తెరిచి పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీళ్లు, ఆపకుండానే ఆసుపత్రి. ఆమ్లంతో సరిచేద్దామన్న ఆలోచనే రాకూడదు. డ్రమ్ము పనికి మూతబడే గాగుల్స్, ముఖానికి షీల్డ్, మందపాటి నైట్రైల్ గ్లవ్స్, ఏబీఈకే (అమైన్లతో సహా పలు రకాల ఆవిర్లను ఆపే) కార్ట్‌రిడ్జ్ ఉన్న పూర్తి ముఖం మాస్క్. ల్యాబులో వాడే పలుచటి గ్లవ్స్ చిమ్మిన చుక్కకు మాత్రమే, అవీ వెంటనే మార్చాలి.

ఒలికితే ముందు నిప్పు మూలాలు ఆపి, ఇసుకతోనో వర్మిక్యులైట్‌తోనో పీల్చాలి. రంపపు పొట్టు వద్దు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే లెక్క ప్రకారం కిలోకు కిలో సరిపోతుంది గానీ, ముందు వేడీ తెల్లటి పొగా లేచి మనుషుల్ని తరిమేస్తాయి. మిగిలిన తడికి పలుచటి సిట్రిక్ ఆమ్లం. మంట లేస్తే ఆల్కహాల్‌ను తట్టుకునే నురుగు, డ్రై పౌడర్. నీళ్లలో కలుస్తుంది కదా అని హోస్ ధార పెట్టడం పెద్ద పొరపాటు: 30 డిగ్రీల నీళ్లలో కరిగేది లీటరుకు కొన్ని పదుల గ్రాములే, మిగతాది పైన తేలుతూ, మండుతూ, కాలువ వెంట పక్క బ్లాకుకు పోతుంది. నీళ్లు పక్క డ్రమ్ములను చల్లబరచడానికి, స్ప్రేగా మాత్రమే.

చివరికి ఈటీపీ. ఆమ్లంలో ఉప్పుగా ఉన్నంతకాలం టీఈఏకు వాసన ఉండదు, అందువల్ల అది అక్కడ ఉందని ఎవరికీ తెలియదు. ఒక బ్లాకు నుంచి ఆమ్ల ఎఫ్లుయెంట్, ఇంకో బ్లాకు నుంచి కాస్టిక్ వాష్ ఈక్వలైజేషన్ ట్యాంకులో కలవగానే పీహెచ్ 10 దాటి, తెరిచిన ట్యాంకు నుంచి అమైన్ అంతా గాలిలోకి లేస్తుంది. చుట్టుపక్కల కాలనీల నుంచి చేపల వాసన ఫిర్యాదులు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. రాత్రి గాలి కదలదు, రియాక్టర్ కడుగుళ్లు కూడా చాలాచోట్ల అప్పుడే. ఎంఈఈకి (నీటిని ఆవిరి చేసి ఉప్పులు వేరుచేసే యూనిట్) వెళ్లే ఫీడ్ క్షారంగా ఉంటే అమైన్ కండెన్సేట్‌లోకి ఎక్కుతుంది, ఆ కండెన్సేట్‌ను కూలింగ్ టవర్‌కు వాడితే ప్లాంటంతా కంపు. కాబట్టి క్షారం చేసేది స్ట్రిప్పర్ (నీటిలోని అమైన్‌ను ఆవిరిగా తీసే కాలమ్) ముందు మాత్రమే, అమైన్‌ను కావాలనే పైకి తీసి కండెన్సర్‌లో పట్టుకోవడానికి. స్ట్రిప్పర్ అడుగు నుంచి వచ్చిన నీటిని పీహెచ్ 6–7కు దించి ఎంఈఈకి పంపాలి. ఇవన్నీ చేయాలంటే టీఈఏ ఉన్న నీటి పొరకు ప్రొడక్షన్ బ్లాకులోనే వేరే ట్యాంకు, దాని మీద బ్యాచ్ నంబరు, అంచనా అమైన్ కిలోలు రాసిన ట్యాగ్ ఉండాలి. ఈటీపీ ఆపరేటర్ ఎంత కాస్టిక్ వేయాలో ఆ ట్యాగ్ చూసి లెక్కగట్టుకుంటాడు.